ఎడమ భుజం మీది గుడ్డ

సభాధ్యక్షులు, ఈ ఊళ్ళో రెండు తరాలకు ఫిజిక్సు చెప్పిన త్యాగరాజు మాస్టారికి, నా పక్కనే కూర్చున్న మా యజమాని జయదేవ్ గారికి, ముందు వరసలో ఉన్న వారి తల్లిగారు రాజరాజేశ్వరమ్మ గారికి, ఫిట్టింగు వాళ్ళకి, పెయింటింగు వాళ్ళకి, ప్యాకింగు వాళ్ళకి, బంధువులకి, భోజనాల కోసం వచ్చి నా కోసమే వచ్చామంటున్న మా వీధి పెద్దలకి, అందరికీ యలమందయ్య నమస్కారాలు. (నవ్వులు)

ముందుగా ఒక సంగతి చెప్పాలి. అధ్యక్షులవారు నా గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. నేను తల ఊపుతూ కూర్చున్నాను. మీరది వినయం అనుకుని ఉంటారు. నిజానికి అందులో సగం నాకు వినపడలేదు. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు, కాసేపాగి మళ్ళీ ఈ మాట దగ్గరికే వస్తాను. వినపడిన సగంలో నాకు పనికొచ్చిన ముక్క ఒకటుంది, భోజనాలు పన్నెండున్నరకి అని. కాబట్టి నేను ఆలోపు ముగించాలి.

రిటైరయ్యానని శాలువా కప్పారు. చాలా సంతోషం. ఏప్రిల్ నెలాఖరులో, గుంటూరు జిల్లా ఎండలో, రేకుల షెడ్డు కింద మనిషికి ఉన్ని శాలువా కప్పడం మన మర్యాద. అందుకే కాబోలు పక్కనే బల్ల మీద ఒక ఫ్యాను పెట్టి తిప్పుతున్నారు. ఆ ఫ్యాను కూడా నాకేనట. మా కొత్త స్పెషల్ రకంలో మొదటి ఫ్యాను, ఒకటో నంబరు. దాని పక్కన పట్టుగుడ్డ కప్పి ఉంచిన అట్టపెట్టె ఒకటుంది. నా ప్రసంగం అయ్యాక దాన్ని ఆవిష్కరిస్తారు. పెట్టెను ఆవిష్కరించడం నేనెక్కడా చూడలేదు గానీ, ఈ రోజుల్లో పెట్టె కూడా ముఖ్యమేనంటున్నారు.

బయటివాళ్ళు కొందరున్నారు కాబట్టి మా సరుకు సంగతి రెండు ముక్కలు చెబుతాను. మేము చేసేది టేబుల్ ఫ్యాను. చూడటానికి తాతల కాలం నాటిది. పోత ఇనుము పీట, నల్లటి పెయింటు, నాలుగు ఇత్తడి రెక్కలు, తిప్పితే టక్కుమనే గుండ్రటి బొత్తాం. లోపల మాత్రం ఇప్పటి మోటారు, పాతవాటిలో సగం కరెంటు కూడా తాగదు. ఒక్కోటి తొమ్మిది కిలోల బరువు. కొన్నవాళ్ళు ముప్పై ఏళ్ళు వాడుకోవాలన్నది మా లెక్క. మొదలెట్టి పదమూడేళ్ళే అయింది కాబట్టి ఆ ముప్పై ఏళ్ళ మాట నిజమో కాదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ ధైర్యంతోనే అంత గట్టిగా చెప్పగలుగుతున్నాం.

ఇది ఎలా మొదలైందో కూడా చెబుతాను, ఎందుకంటే అధ్యక్షులవారు చెప్పిన కథ కొంచెం వేరుగా ఉంది. గుంటూరులో నాకు మోటార్ల వైండింగు షాపు ఉండేది. ఒక రోజు జయదేవ్ గారు వాళ్ళ తాతగారి ఫ్యాను చంకన పెట్టుకుని వచ్చారు. అరవై ఏళ్ళ నాటిది. లోపల రాగితీగ కాలిపోయింది, అంతే, మిగతాదంతా నిక్షేపంలా ఉంది. తీగ చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత గట్టి సరుకు ఇప్పుడెవరూ ఎందుకు చేయట్లేదండీ?" అనడిగారు. "చేస్తే జనం మళ్ళీ కొట్టుకి రారు కదండీ" అన్నాను. నేను నవ్వులాటకి అన్నాను. ఆయన నవ్వలేదు. ఆరు నెలలయ్యాక వచ్చి, మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు ఒకటి తీసుకున్నానని, నన్ను వచ్చి పనిలో చేరమని అడిగారు. నేనేం చెయ్యాలన్నాను. "మీరేమీ చెయ్యక్కర్లేదు బాబాయ్, మేం చేసినవాటిని వద్దనండి, చాలు" అన్నారు.

వద్దంటే జీతం ఇచ్చే ఉద్యోగం ఒకటుందని ఇంటికెళ్ళి మా ఆవిడ వెంకటరావమ్మతో చెప్పాను. "ఇంట్లో ఆ పని ముప్పై ఏళ్ళ నుంచీ ఊరికే చేస్తానే ఉన్నారుగా" అంది. (నవ్వులు) అదిగో, మూడో వరసలో కూర్చుని తల దించుకుంటోంది. అన్నావా లేదా?

ఆ మిల్లే ఈ షెడ్డు. పత్తి పోయి పాతికేళ్ళయినా ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే దూలాల మీది నుంచి దూది రాలుతుంది. మొదటి ఏడాది తడి పెయింటు మీద దూది పడి, ఫ్యాన్లకి మీసాలొచ్చినట్టు కనపడేవి. అవన్నీ వద్దన్నాను. నా ఉద్యోగం అలా మొదలైంది.

ఇంకో అలవాటు కూడా అప్పుడే పెట్టుకున్నాం. ప్రతి విడత నుంచి ఒక ఫ్యానుని మిర్చియార్డు దగ్గర జోసఫ్ టీకొట్టుకి పంపుతాం. సీజన్లో ఆ చుట్టుపక్కల గాలిలో ఎగిరేది దుమ్ము కాదు, కారం. అక్కడ వారం రోజులు ఆగకుండా తిరిగి వచ్చిన ఫ్యాను ఎక్కడైనా తిరుగుతుంది. వచ్చాక దాన్ని విప్పి లోపల చూస్తాం. విప్పేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకోనివాడు మా దగ్గర లేడు. ఇవాళ నా కళ్ళలో ఏమైనా తడి కనపడితే అదీ అలాంటిదేనని అనుకోండి, ఎక్కువ ఊహించకండి.

మొదటిసారి పంపిన ఫ్యానుని జోసఫ్ రెండో రోజే తిరిగి తెచ్చేశాడు. పాడైందా అని కంగారుపడ్డాం. "పాడవలేదన్నా. అసలు చప్పుడే చేయటంలా. ఎదురుగా కూర్చున్నోళ్ళు ఫ్యానెయ్యవయ్యా ఫ్యానెయ్యవయ్యా అని నా ప్రాణం తీస్తన్నారు" అన్నాడు. కొత్త మోటారు అంత నెమ్మది. మన జనానికి చప్పుడు లేకపోతే గాలి తగిలినట్టుండదు. జయదేవ్ గారు వారం రోజులు ఆలోచించి రెక్కల వంపు కొంచెం మార్పించారు. అప్పటి నుంచి మా ఫ్యానుకి నిండుగా ఒక హోరు ఉంటుంది. ఇప్పుడు మీకు వినపడుతున్నది అదే. ఆ హోరు మంచిది, ఎంతున్నా ఫరవాలేదు. దాని లోపల కీచుమని సన్నటి చప్పుడు ఒకటి ఉంటే మాత్రం, అది ఎంత చిన్నదైనా చెడ్డది. లోపల బేరింగు సరిగా లేదని దానర్థం. అలాంటి ఫ్యాను ఇవాళ తిరుగుతుంది, వచ్చే ఏడు కూడా తిరుగుతుంది, మూడో ఏట ఆగిపోతుంది. హోరులోంచి కీచుని ఏరుకోవడమే నా పని.

ఏరుకున్నాక బాగాలేని దాని పీట మీద ఎర్ర సుద్దతో ఇంటూ గుర్తు పెడతాను. ఈ ఇంటూ గుర్తుకి కూడా ఒక కథ ఉంది. జయదేవ్ గారు అనుమతిస్తే చెబుతాను. చెప్పండంటున్నారు, ఇక నా తప్పు లేదు.

ఎనిమిదేళ్ళ కిందట హైదరాబాదులో కొన్నవాళ్ళు కొందరు మా ఫ్యాను పాత మోడలే గానీ పాతగా లేదని రాశారట. నేను దర్శిలో మా చెల్లెలి కూతురి పెళ్ళికని రెండు రోజులు సెలవు పెట్టాను. ఆ రెండు రోజుల్లో జయదేవ్ గారు నలభై ఫ్యాన్లని గరుకు కాగితంతో అంచుల దగ్గర గీకించి, ఇత్తడి రెక్కలకి ఉప్పునీళ్ళు చల్లి చిలుము పట్టించి వరసగా పెట్టించారు. నాకెవరూ చెప్పలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి చూస్తే నలభై ఫ్యాన్లు గీరుకుపోయి ఉన్నాయి. లారీలోంచి జారిపడ్డాయనుకున్నాను. సుద్ద తీసుకుని ఒకటో దాని నుంచి నలభయ్యో దాని దాకా ఇంటూలు పెట్టుకుంటూ పోయాను.

జయదేవ్ గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "బాబాయ్, ఏం చేస్తున్నారు? అవి కావాలని గీసినవి!"

"ఎవడండీ గీసింది? వాణ్ణి పిలవండి ముందు."

"నేనే గీయించాను."

"అయితే ఇలా రండి, సుద్ద ఇంకా కొంచెం మిగిలింది" అన్నాను. (పెద్దగా నవ్వులు)

అప్పుడు షెడ్డులో ఎవరూ నవ్వలేదు. నా ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నారు. నేను ఆయనతో ఒక్కటే చెప్పాను. ఫ్యానుని మనం గట్టిగా చేద్దాం, పాతబడటం కొన్నవాళ్ళ ఇంట్లో జరగాల్సిన పని, అది కూడా మనమే చేసిచ్చేస్తే వాళ్ళు ముప్పై ఏళ్ళు దాంతో ఏం చెయ్యాలి అన్నాను.   ఆయన మొదటి ఫ్యానుని ఎత్తి తనే పెయింటింగు వైపు మోసుకెళ్ళి పెట్టి వచ్చారు. ఎవరో సాయం రాబోతే వద్దన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి నలభై ఫ్యాన్లూ ఒక్కరే మోశారు. తొమ్మిది కిలోల చొప్పున ఎంతో మాస్టారు చెబుతారు.

ఆ రోజు నుంచి షెడ్డులో అది కట్టుబాటు అయింది. ఇంటూ పడిన ఫ్యాను ముందుకు పోదు, వెనక్కే పోతుంది. ఆ సమయానికి షెడ్డులో హోదాలో ఎవరు పెద్దవారైతే వారే దాన్ని మొయ్యాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. రాతలో ఎక్కడా లేదు, కానీ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. జయదేవ్ గారికి నడుం నొప్పి వచ్చిందంటే దానికి సగం కారణం నేను. నాకు ఈ కంపెనీ మీద గౌరవం ఉందంటే దానికి మొత్తం కారణం ఆయన మోసిన ఆ నలభై ఫ్యాన్లే. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, ఇప్పుడంటున్నాను. (చప్పట్లు)

ఇక నా చెవి సంగతి. ఇక్కడ మాట్లాడినవాళ్ళందరూ నా చెవి గురించే మాట్లాడారు. నా దగ్గర చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఒకటుంది. దాని మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి ఆనించి వింటే లోపలి చప్పుడు తెలుస్తుంది. వైండింగు షాపుల్లో అందరూ చేసేదే, నేను కనిపెట్టింది కాదు. కానీ ఈ కంపెనీ చూడటానికి వచ్చినవాళ్ళందరికీ అదొక వింత. పేపరువాళ్ళు వచ్చారు, వీడియోలు తీసేవాళ్ళు వచ్చారు. నేను కళ్ళు మూసుకుని స్క్రూడ్రైవరుతో వింటున్న ఫోటో మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు.

ఆ ఫోటోలో నా కళ్ళు పూర్తిగా మూసుకోలేదు. కొంచెం తెరిచే ఉన్నాయి. ఎందుకు తెరిచి ఉన్నాయో ఇప్పుడు చెబుతాను.

ఆరేళ్ళ కిందట పొన్నూరు నుంచి ఒక ఫ్యాను తిరిగి వచ్చింది. శ్రీదుర్గ గారని సంగీతం టీచరు కొనుక్కున్నారు. మర్యాదస్తురాలు, తిట్టలేదు. "మీ ఫ్యాను చాలా అందంగా ఉంది, కానీ నా శ్రుతిపెట్టె మీద ఇంకో శ్రుతి వేస్తోంది" అని చీటీ రాసి పెట్టారు. నేను స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ విన్నాను. రెండో చెవితో విన్నాను. ఏమీ లేదు. పాటగాళ్ళకి చాదస్తం ఎక్కువ అనుకుని, లోపం లేదని కాగితం మీద సంతకం పెట్టబోతున్నాను. ప్యాకింగులో ఖాదర్‌బీ అని ఉంది, మీ అందరికీ తెలుసు, ఫ్యాన్లని పెట్టెలో పెట్టే ముందు పసుపు గుడ్డతో తుడిచే మనిషి. అటుగా పోతూ ఆగింది.

"ఏందన్నయ్యా, ఆ ఫ్యాను అట్టా ఈలేస్తావుంటే సంతకం పెడతన్నావ్?" అంది.

"నీకెక్కడ వినపడిందమ్మా?"

"ఇక్కడికే వినపడతంది. పళ్ళు జివ్వుమంటంటే!"

ఆమె నిలబడ్డది నాకు మూడు గజాల దూరంలో. నా చెవికి స్క్రూడ్రైవరు ఆనించి ఉంది. ఫ్యాను విప్పి చూస్తే బేరింగులో వెంట్రుకంత చీలిక ఉంది.

ఆ వారంలోనే గుంటూరు వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. మామూలు మాటలు వినపడతాయి, సన్నటి చప్పుళ్ళు ఇక వినపడవు, వయసుతో వచ్చేదే, తిరిగి రాదు అన్నారు. బస్సులో వస్తుంటే నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందని భయం ఉంది, లేదనను. దానికంటే పెద్ద భయం ఇంకొకటి. పదిమంది చేసిన పనిని వద్దనే హక్కు నాకు ఆ చెవి వల్లే వచ్చింది. నలభై ఫ్యాన్లు ఒక మనిషి చేత మోయించానంటే ఆ చెవి ఉందనే. అది లేకుండా ఎర్ర సుద్ద పట్టుకునే అర్హత నాకేముంది? మర్నాడు పొద్దున్నే జయదేవ్ గారికి చెప్పెయ్యాలనుకున్నాను. పొద్దున్నే చెప్పలేదు. ఆ వారం చెప్పలేదు. ఆరేళ్ళయింది. 

ఖాదర్‌బీకి మాత్రం చెప్పాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "నేను ఎట్టాగూ తుడిచేటప్పుడు వింటానే ఉంటా కదన్నయ్యా. నీ ఎనకమాల నుంచుని తుడుస్తా. బాగుంటే గుడ్డ కుడి భుజాన ఏసుకుంటా. తేడా ఉంటే ఎడమ భుజాన" అంది. అంతే మా ఒప్పందం. పెట్టెలో పెట్టేటప్పుడు తుడవాల్సిన ఫ్యానుని పరీక్ష దగ్గరే తుడవడం ఏమిటని ఫిట్టింగు కోటేష్ ఒకసారి అడిగాడు. దూది పడుతోందని చెప్పాను. నమ్మాడు. నా మాట అందరూ నమ్మేవారు, అదే వచ్చిన చిక్కు.

కాబట్టి ఆరేళ్ళుగా నేను స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, కళ్ళు కొంచెం తెరిచి, ఖాదర్‌బీ భుజం చూస్తూ ఇంటూలు పెడుతున్నాను. దాదాపు పన్నెండు వేల ఫ్యాన్లు. వాటిలో ఒక్కటి కూడా చప్పుడు బాగాలేదని తిరిగి రాలేదని ఇందాక జయదేవ్ గారు గర్వంగా చెప్పారు. నిజమే, రాలేదు. ఆ పన్నెండు వేలూ విన్నది ఆమె. నాకు పేరొచ్చింది, ఫోటోలొచ్చాయి, శాలువా వచ్చింది. ఆమెకి పసుపు గుడ్డ ఏడాదికి నాలుగు ఇస్తాం. ఈ ఆరేళ్ళలో ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడగకపోయినా నేను చెయ్యాల్సింది ఒకటుందని నాకూ తోచలేదు, తోచినా పక్కకి నెట్టాను. దీనికి నాకు సిగ్గుగా ఉంది. సిగ్గుపడటానికి అరవై నాలుగేళ్ళ వయసు ఆలస్యమే గానీ, సిగ్గు మాత్రం నిజం.

వెంకటరావమ్మ వైపు చూస్తున్నారు మీరంతా. ఆమెకీ తెలియదు. ఇంట్లో పిలిస్తే పలకనప్పుడల్లా నేను కావాలని వినపడనట్టు నటిస్తున్నానని ఆరేళ్ళుగా నాతో పోట్లాడుతోంది. ఇంట్లో వినపడనిది నిజమే. నటన ఇక్కడ చేశాను. (నవ్వులు)

ఇప్పుడు పట్టుగుడ్డ కప్పిన పెట్టె సంగతి. ఆవిష్కరణకి ముందే చెప్పడం మర్యాద కాదు, కానీ దాని మీద ఏముందో నాకు ముందే చూపించారు. ఆ ఫోటో ఉంది. కింద "యలమందయ్య చెవి విన్నది" అని అచ్చు వేశారు. ఆ పెట్టె చూసి మొదట నాకు సంతోషమే కలిగింది. మనిషిని కదా.

అప్పుడే నోటీసు బోర్డులో ఒక కాగితం కూడా పెట్టారు. జూన్ నుంచి ప్యాకింగు బయటివాళ్ళకి ఇస్తున్నారు, ప్యాకింగులో ఉన్న ఆరుగురు ఆడవాళ్ళకి మే నెలాఖరు ఆఖరు. చప్పుడు పరీక్షకి మిషను వచ్చింది. నేను దీనికి జయదేవ్ గారిని తప్పుపట్టను. ప్యాకింగు అంటే ప్యాకింగే అని ఆయన అనుకున్నారు. అలా అనుకునేలా చేసింది నేను. ఆమె చెవిని నా పేరుతో పెట్టె మీద అచ్చేసి, ఆమెని ఇంటికి పంపుతున్నామని ఆయనకి ఎలా తెలుస్తుంది?

ఇవాళ ఇదంతా చెబుదామని నేను రాలేదు. ఇది కూడా ఒప్పుకుంటాను. నిన్న ఖాదర్‌బీతో చెప్పేస్తానంటే, "పోయేటప్పుడు ఎందుకన్నయ్యా ఇయ్యన్నీ, ఒళ్ళు దాచుకోకుండా పనిచేశావ్, శాలువా కప్పించుకుని తిన్నగా ఇంటికి పో" అంది. ఆ మాట నాకు చాలా అనుకూలంగా వినపడింది. సరేనన్నాను. నా జేబులో ఇంకో ప్రసంగం ఉంది, రెండు పేజీలు, బాగానే వచ్చింది. చెవి గురించి అందులో ఒక ముక్క కూడా లేదు.

కానీ మీరు ఈ ఫ్యానుని ఆన్ చేశారు.

ఈ ఒకటో నంబరు ఫ్యానుని నేను చూడలేదు. పోయిన శనివారంతో నా పని అయిపోయింది. దీన్ని కొత్త మిషను పాసు చేసింది. మిషను ఎంత చప్పుడు వస్తోందో కొలిచి అంకె చూపిస్తుంది, అంకె బాగానే ఉంది. ఆ చప్పుడులో హోరెంత, కీచెంత అన్నది అది విడదీసి చెప్పదు. సభ మొదలయ్యే ముందు ఖాదర్‌బీ దీన్ని తుడిచి ఇక్కడ పెట్టింది. కోటేష్ బొత్తాం తిప్పాడు. ఆమె కిందకి దిగి, అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చుంది. అందరూ ఒకసారి అటు చూడండి. చూడండి, ఫరవాలేదు. అమ్మా ఖాదర్‌బీ, గుడ్డ తియ్యకు.

పసుపు గుడ్డ ఎడమ భుజం మీద ఉంది.

అధ్యక్షులవారు నన్ను పొగిడినప్పుడూ అక్కడే ఉంది. శాలువా కప్పినప్పుడూ అక్కడే ఉంది. నన్ను చెప్పొద్దన్న మనిషే, చెప్పొద్దన్న మర్నాడే, అలవాటు చొప్పున తన పని తను చేసేసింది. మూడు వందల మంది మధ్యలో ఆ గుడ్డ అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసి కూడా ఈ ఫ్యానుని చంకన పెట్టుకుని ఇంటికి పోతే పదమూడేళ్ళుగా నేను వద్దన్నవన్నీ అబద్ధమైపోతాయి. అందుకని జేబులో కాగితం తియ్యలేదు.

ఖాదర్‌బీ, ఇలా రామ్మా పైకి. దారి ఇవ్వండి ఆమెకి.

(ఖాదర్‌బీ వేదిక దగ్గరికి వచ్చి, "ఎందుకన్నయ్యా, అందరి ముందర" అనడం వినిపిస్తుంది)

అందరి ముందే కావాలి. వెనక నిలబడి ఆరేళ్ళు చేశావు, చాలు. ఇదిగో స్క్రూడ్రైవరు. నీకు దీంతో పనిలేదు, మూడు గజాల నుంచే వినపడుతుంది నీకు. అయినా ఉంచుకో, చూడటానికి వచ్చేవాళ్ళకి ఇది లేకపోతే నమ్మకం కుదరదు. (నవ్వులు) ఇదిగో సుద్ద. ఇది మాత్రం నీకు కావాలి. ఫ్యాను ఎలా ఉందో చెప్పు.

(ఖాదర్‌బీ: "తేడాగానే ఉందన్నయ్యా. బేరింగు ఒక పక్కకి తింటంది.")

అయితే ఏం చెయ్యాలో నీకు తెలుసుగా. పెట్టు. పెద్దగా పెట్టు, వెనకవాళ్ళకి కనపడాలి.

(ఖాదర్‌బీ ఫ్యాను పీట మీద ఇంటూ గుర్తు పెడుతుంది. ప్యాకింగు వాళ్ళ వైపు నుంచి చప్పట్లు)

జయదేవ్ గారూ, ఇంటూ పడింది. బొత్తాం కట్టేశారు, మంచిది. మీరు ఏమనుకుంటున్నారో మీ ముఖం చూస్తే నాకు తెలియడం లేదు. కోపం వస్తే న్యాయమే, ఆరేళ్ళు దాచాను. నన్నేమైనా అనండి, నేను రిటైరైపోయాను కాబట్టి ధైర్యంగా వింటాను, వినపడినంత వరకు.

(జయదేవ్ గారు ఏదో అడుగుతారు)

కొంచెం గట్టిగా అండీ. పెట్టెలా? అచ్చయిపోయాయంటున్నారు. లోపలి వైపు బయటికొచ్చేలా తిప్పి మడిపించండి. అట్ట అట్టే, గట్టిగానే ఉంది. మా ఫ్యానుకి పెట్టె మీద బొమ్మ లేకపోయినా ఫరవాలేదు.

ఆయన లేచారు. కోటేష్, నువ్వు ముట్టుకోకు. కట్టుబాటు తెలుసుగా. షెడ్డులో ఇప్పుడు పెద్దవారు ఎవరో వారే మొయ్యాలి. మాస్టారూ, కాస్త కాళ్ళు ఇటు తియ్యండి, తొమ్మిది కిలోల ఇనుము.

ఎత్తారు.

ఇటు మెట్లు దిగితే గేటు, అటు దిగితే ఫిట్టింగు బల్లలు. ఫిట్టింగు వైపే వెళ్తున్నారు. ఇన్నాళ్ళూ ఆయన నా ఇంటూకి మోశారనుకున్నాను. ఇవాళ ఖాదర్‌బీ పెట్టిన మొదటి ఇంటూకి మోస్తున్నారు. సోమవారం నుంచి నా పరీక్ష బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారని నేనిక అడగను, అడగాల్సిన అవసరం కనపడటం లేదు. ప్యాకింగులో మిగతా అయిదుగురి సంగతి కూడా, తిరిగొచ్చేటప్పుడు ఆ నడుం పట్టుకుని కాస్త ఆలోచించండి జయదేవ్ గారూ. (చప్పట్లు)

నాకు ఇంతే చెప్పడానికి ఉంది. పనిచేసినవాళ్ళకి, నా చేత వద్దనిపించుకుని కూడా మర్నాడు పలకరించినవాళ్ళకి, ఓపికగా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. శాలువా తీసుకెళతాను, అది బాగానే ఉంది. ఫ్యాను బాగుచేశాక పంపించండి, తొందరేం లేదు. ఎవరు తెచ్చినా నేను ఆన్ చేసి చూడను. ఖాదర్‌బీ గుడ్డ ఏ భుజం మీద ఉందని మాత్రం అడుగుతాను.

సెలవు.